డిజైన్, ఫ్లెక్సీ, బిల్టీ

తప్పు మాధవిదే. కానీ నలుగురిలో నోరు విప్పే అవకాశం పన్నెండేళ్ళకు ఒకసారి వచ్చినప్పుడు, ఒకటి రెండు ఇంగ్లీషు ముక్కలు వాడకుండా ఏ మనిషి మాత్రం ఉండగలదు? బీకాం కంప్యూటర్స్ ఫస్టు క్లాసులో పాసై, కోరుట్ల నుంచి సిరిసిల్లకు కోడలిగా వచ్చి, ఆ చదువంతా గ్యాస్ బుక్ చేయడానికీ, అత్తగారి ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసి ఇవ్వడానికీ ఖర్చు పెడుతున్న మనిషి.

ఆ రోజు తువ్వాలల సంఘం మీటింగు. సభ్యులు ఇరవై ముగ్గురు. అందరికీ ఇంటి వెనక షెడ్డులో నాలుగో ఆరో సాంచాలున్నాయి. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. అందరూ నేసేది తువ్వాలలే. మధ్యవాళ్ళ చేతిలో పెట్టకుండా నేరుగా దుకాణాలకు అమ్ముకుందామని పెట్టుకున్న సంఘం. దానికొక వెబ్‌సైట్ ఉండాలని మూడు నెలలుగా చెప్పి చెప్పి, మాధవి ఆఖరికి లాప్‌టాప్ చంకన పెట్టుకుని మీటింగుకే వచ్చింది.

"కరీంనగర్‌ల ఒకాయన రెడీమేడ్ వెబ్‌సైట్ ఇస్తనంటుండు. దాంట్ల పేరు, ఫోన్ నంబరు తప్ప ఏం మార్చరాదు. నేను చెప్పేది గట్ల కాదు. ముక్కలు ముక్కలుంటది. ఫోటో ముక్క, రాత ముక్క. ఏ ముక్కను యాడికంటె ఆడికి గుంజి పెట్టుకోవచ్చు. మనమే చేసుకోవచ్చు," అంది మాధవి. అంతటితో ఆగితే ఈ కథ లేదు. ఆగలేదు. "అంటే మామా, పూర్తి డిజైన్ ఫ్లెక్సిబిలిటీ ఉంటది."

అప్పటిదాకా అరకన్ను మూసి వింటున్న అధ్యక్షుడు జలపతి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ఏముంటదన్నవ్ కోడలా?"

"డిజైన్ ఫ్లెక్సిబిలిటీ మామా."

"పూర్తిగనా?"

"పూర్తిగ."

"పైసలు మల్ల అడుగరు గద?"

"అడుగరు. ఎన్నిసార్లంటె అన్నిసార్లు చేసుకోవచ్చు."

జలపతి బల్ల మీద గుద్దాడు. "పాస్! అందరు చేతులెత్తుండ్రి."

మూడు నెలలుగా ససేమిరా అన్న మనిషి మూడు నిమిషాల్లో కరిగిపోయాడంటే అది తన వాక్చాతుర్యమే అనుకుంది మాధవి. అయితే జలపతి ఒక షరతు పెట్టాడు. జగిత్యాలలో పెళ్ళి బట్టల దుకాణం నడిపే ప్రేమలత మేడం, పెళ్ళిళ్ళలో పెట్టే తువ్వాలల కోసం కొత్తవాళ్ళను చూస్తోంది. "మీకు వెబ్‌సైట్ ఉంటె పంపుండ్రి, చూసి చెప్త" అని కబురు పెట్టింది. ఆ ఆర్డరు వస్తే సంఘం గదిలో ఫ్యాను కింద మాధవికి ఒక బల్ల, ఒక కుర్చీ, బోర్డు మీద 'వెబ్ ఇంచార్జి' అని పేరు. రాకపోతే వెబ్‌సైట్ బందు పెట్టి, బస్టాండు ఎదురుగా నలభై అడుగుల ఫ్లెక్సీ.

మాధవికి ఆ బల్ల కావాలి. ఇంట్లో ఆమె లాప్‌టాప్ కుట్టు మిషను మీద ఉంటుంది. ఎవరిదైనా జాకెట్టు కుట్టాల్సి వస్తే ఫ్రిజ్ మీదికి పోతుంది. కూరగాయలు వస్తే అక్కడినుంచి మంచం మీదికి. ఒక్కసారైనా, తను పని చేస్తుండగా ఎవరూ వచ్చి కొత్తిమీర కట్ట పెట్టని బల్ల ముందు కూర్చోవాలని ఆమె కోరిక. వినడానికి చిన్న కోరికే. పన్నెండేళ్ళు కొత్తిమీర పక్కకు జరిపిన వాళ్ళకు తెలుస్తుంది దాని సైజు.

తెల్లారేసరికి ఫోన్ నిండా ఫోటోలు.

మొదట జైపాల్ ది. సంఘం కార్యదర్శి, భర్త వేణుకు తమ్ముడి వరస. నల్ల కళ్ళద్దాలు, నీలం కోటు, రెండు చేతులా నమస్కారం. వెనకాలే ఇంకొకటి, నీలం కోటు, నమస్కారం. ఇంకొకటి. పదోది వచ్చేసరికి మాధవికి అనుమానం వచ్చి దగ్గరగా చూసింది. అన్ని కోట్లకూ రెండో గుండీ లేదు. బస్టాండు దగ్గరి ఫోటో స్టూడియోలో ఉన్నది ఒకటే కోటు. నిన్న సాయంత్రం సంఘం మొత్తం అక్కడ లైను కట్టింది. ఆ కోటు కొందరికి పొట్ట దగ్గరే ఆగిపోయింది, కొందరికి మోకాళ్ళ దాకా వెళ్ళింది.

అత్తగారు బాలవ్వ భుజం మీదుగా తొంగి చూసింది. "గీ బ్యాండుమేళం ఎవలింట్ల పెండ్లికే పిల్లా?"

మాధవి జైపాల్ కు ఫోన్ చేసింది. "జైపాలూ, గీ ఫోటోలేంది?"

"ఫ్లెక్సీకి వదినా. నాది అధ్యక్షుని పక్కపొంటే రావాలె, ముందే చెప్తున్న."

"ఏ ఫ్లెక్సీ?"

"మీటింగుల చెప్తివి గద. అధ్యక్షుడు హోటల్ కాడ అందరికి సమజ్ చేసిండు. డిజైను మనది, ఫ్లెక్సీ వెబ్‌సైటోళ్ళది, బిల్టీ గూడ ఆళ్ళదేనట గద! వెబ్‌సైట్ అంటె గింత లాభమని మాకేం తెలుసు?"

మాధవి ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కుట్టు మిషను ముందు కూలబడింది. డిజైన్, ఫ్లెక్సీ, బిల్టీ. బిల్టీ అంటే తువ్వాలల మూటలు లారీలో వేసినప్పుడు ట్రాన్స్‌పోర్టు వాళ్ళిచ్చే చీటీ; బిల్టీ ఎవరిదైతే లారీ కిరాయి వాళ్ళది. నేసేవాళ్ళింట్లో రోజుకు నాలుగుసార్లు వినపడే మాట. తనొక ఇంగ్లీషు మాట అంది. విన్న ఇరవై ముగ్గురూ దాన్ని మూడు వరాలుగా విడగొట్టుకుని ఇళ్ళకు తీసుకుపోయారు.

అది కాదని చెప్పవచ్చు. కానీ తీర్మానం పాసైంది ఆ మాట మీదే. జలపతికి ఫ్లెక్సీ అంటే ఎంత ప్రాణమో ఊరందరికీ తెలుసు. రెండేళ్ళ కింద ఆయన పుట్టినరోజుకు వేయించిన ఫ్లెక్సీ ఎండకు వెలిసి, వానకు చిరిగినా దించనివ్వలేదు. ఆఖరికి షెడ్డు కురుస్తుంటే రేకుల మీద కప్పించాడు. బొమ్మ పైకే ఉండాలన్నాడు. పైన పోయే విమానాలకు జలపతి ఇప్పటికీ నమస్కారం పెడుతూనే ఉన్నాడు.

అలాంటి మనిషికి మాధవి ఎలా చెబుతుంది? చెప్పలేదు. బల్ల గుర్తొచ్చింది, ఊరుకుంది.

సంఘంలో ఒక్క శంకరవ్వ మాత్రం తన ఫోటో పంపలేదు. భర్త పోయాక నాలుగు సాంచాలూ తనే నడుపుకుంటున్న మనిషి. సాంచా మీద సగం నేసిన తువ్వాల ఫోటో పంపి, కింద మాట రికార్డు చేసింది: "నా మొకమేం జూస్తరు బిడ్డా, తువ్వాల జూడుమను." తెల్లటి గుడ్డ మీద ఎర్ర అంచు, కిటికీలోంచి పడిన ఎండ. మాధవి ఆ ఫోటోను రెండుసార్లు చూసి, విడిగా దాచుకుంది.

మిగిలిన ఇరవై రెండింటినీ కోరుట్లకు పంపింది. అక్కడ చెల్లెలు సౌమ్య భర్తతో కలిసి ఫ్లెక్సీల షాపు నడుపుతోంది.

"తలకాయలు గుండ్రంగ కోసి పంపియ్యే," అంది మాధవి.

"గంతేనా? పొద్దుగూకేసరికి పంపుత. కోరుట్లల నేను కొయ్యని తలకాయ లేదక్కా," అంది సౌమ్య. ఫోటోలు తెరిచి చూసి, "బావ కోట్ల మంచిగున్నడు," అని కూడా అంది. అప్పుడు తెలిసింది మాధవికి, ఇరవై రెండింట్లో వేణు కూడా ఉన్నాడని.

సాయంత్రం షెడ్డులోంచి వచ్చిన భర్తను ఆమె అడిగింది. "నువ్వు గూడ కోటు తొడిగినవా?"

"అందరు తొడిగిండ్రు," అన్నాడు వేణు, కోటు మాట పక్కన పెట్టి లాప్‌టాప్ లోకి చూస్తూ. ఆమె అప్పుడే పేజీకి ఎర్ర అంచు పెట్టి, నచ్చక నీలం చేసి, అదీ తీసేసి ఆకుపచ్చ పెట్టింది. వేణు నోరు తెరిచాడు. "గదేందే, గట్లంటె గట్ల అంచు మారె? మాకు సాంచా మీద అంచు మార్చాలంటె పడుగు మొత్తం దించి, పోగు పోగు మల్ల అతుకాలె. రెండు దినాలు."

"గదే నేను చెప్పింది మీటింగుల. గా మాట కర్థం గదే."

"మరి గట్లనే చెప్తె అయిపోవు గద," అన్నాడు వేణు. ఆమె అన్నం పెట్టడానికి లేచింది.

ఆ వారమంతా మాధవి తలకాయల మధ్యనే బతికింది. వెబ్‌సైట్ తెరవగానే ముందు ఫ్లెక్సీ. పైన జలపతి, కొబ్బరికాయంత. కింద మిగిలిన వాళ్ళు, నిమ్మకాయలంత. ఇరవై మూడో గుండ్రంలో శంకరవ్వ సాంచా. ఆ కిందెక్కడో తువ్వాలలు. అక్కడిదాకా పేజీని తోసుకుంటూ పోయేసరికి బొటనవేలికి నొప్పి పుడుతుంది.

అసలు కష్టం ఆ తరువాత మొదలైంది. బస్టాండులో కట్టే ఫ్లెక్సీకి ఒక గొప్ప గుణం ఉంది: అది అచ్చయిపోతుంది. అచ్చయ్యాక ఎంత అలిగినా లాభం లేదు, రెండు రోజులు మొహం ముడుచుకుని తిరిగి మరిచిపోతారు. వెబ్‌సైట్ అచ్చవదు. ఎన్నిసార్లంటే అన్నిసార్లు మార్చవచ్చునని మాధవే స్వయంగా, నలుగురి ముందు చెప్పింది.

"వదినా, నా తలకాయ జెర పెద్దగ చెయ్యరాదు?"

"అక్కా, ఆయనది నాకన్న మీదికున్నది. ఆయన మొన్ననే జేరిండు సంఘంల."

"బిడ్డా, అందరియి నీలం కోట్లే ఉన్నయి. నాదొక్కటి పచ్చగ చెయ్యి, పుణ్యముంటది."

కుక్కరు మూడో కూత వేసేలోపు ముగ్గురు ఫోన్ చేసేవారు. కరీంనగర్ ఆయన రెడీమేడ్ వెబ్‌సైట్ తీసుకుని ఉంటే ఎంత హాయిగా "కుదరదు మామా, దాంట్ల గా సౌలత్ లేదు" అనేది! దీనిలో అన్నీ కుదురుతాయి. కోటు పచ్చగా అవుతుంది, తల పెరుగుతుంది, పక్కవాడు కిందికి దిగుతాడు. అన్నీ చేతనవుతున్నప్పుడు కుదరదంటే అబద్ధమవుతుంది. అబద్ధమాడితే కళ్ళు పోతాయని కాదు, జైపాల్ రోజూ వచ్చి పక్కనే నిలబడి చూస్తున్నాడు. జైపాల్ తల జలపతి తలతో సమానమైన రోజు జలపతి ఫోన్ చేశాడు. "కోడలా, నేను గూడ జెర పెరుగుత." జలపతి గుమ్మడికాయంత అయ్యాడు. తువ్వాలలు ఇంకో జానెడు కిందికి పోయాయి.

శనివారం మధ్యాహ్నం జగిత్యాల దుకాణం నుంచి గుమాస్తా ఫోన్ చేశాడు. మేడం సోమవారం పదకొండింటికి వెబ్‌సైట్ చూస్తుందని.

మాధవి పేజీ తెరిచి, తను ప్రేమలత మేడం అయినట్టు ఊహించుకుని చూసింది. ఒకే కోటులో ఇరవై రెండు మంది, పైన గుమ్మడికాయ. తను మేడం అయితే వెంటనే ఆర్డరు ఇస్తుంది. తువ్వాలలకు కాదు, బరాతుకు బాజాలకు.

తలకాయలు తీసేద్దామంటే వీల్లేదు. ఇరవై ఇద్దరూ గంటకోసారి వెబ్‌సైట్ తెరిచి ఎవరి తల వాళ్ళు చూసుకుంటున్నారు. ఒక్కటి తగ్గినా పావుగంటలో మనిషి గుమ్మంలో ఉంటాడు.

ఏం చేయాలో తోచక మాధవి ఫ్లెక్సీ ముక్క మీద నొక్కి, దాని పక్కన తెరుచుకున్న పట్టీలో ఉన్నవన్నీ వరసగా చదవసాగింది. రంగు, కొలత, అంచు, ఎడం. అన్నిటికన్నా కింద, ఇంతవరకు ఎన్నడూ పట్టించుకోని చోట, రెండు బుల్లి బొమ్మలు. ఒకటి ఫోన్. ఒకటి కంప్యూటర్. పక్కన ఒక్కో కన్ను. ఈ ముక్క ఫోన్లో కనపడాలా? కంప్యూటర్లో కనపడాలా? అవసరం లేని చోట కన్ను మూయండి.

మాధవి చాలాసేపు ఆ రెండు కళ్ళను చూసింది. సంఘంలో ఇరవై ముగ్గురికీ ఫోన్లున్నాయి. కంప్యూటర్ ఒక్కరికీ లేదు, తన కుట్టు మిషను మీది లాప్‌టాప్ తప్ప.

గుమాస్తాకు ఫోన్ చేసింది. "మేడం వెబ్‌సైట్ ఫోన్ల చూస్తదా అన్నా, కంప్యూటర్లనా?"

"కౌంటర్ మీద కంప్యూటర్లనే చూస్తదమ్మా. ఫోన్ల అక్షరాలు ఆనయ్ మేడానికి."

మాధవి ఫ్లెక్సీకి కంప్యూటర్ కన్ను మూసేసింది. విడిగా దాచిన శంకరవ్వ ఫోటోను పేజీ పైన ఈ చివరినుంచి ఆ చివరి దాకా పరిచింది. కింద తువ్వాలలు, ఒక్కొక్కటి మడత విప్పి ఆరేసినట్టు, కొలతలతో, రంగులతో. ఈ ముక్కలన్నిటికీ ఫోన్ కన్ను మూసింది. ఫోన్లో తెరిస్తే గుమ్మడికాయ, నిమ్మకాయలు. కంప్యూటర్లో తెరిస్తే తువ్వాలలు. వెబ్‌సైట్ ఒకటే, పేరు ఒకటే.

"ఏం జేస్తున్నవే అంత నిమ్మళంగ?" అంది బాలవ్వ, కుట్టు మిషను మీద కొత్తిమీర కట్ట పెడుతూ.

మాధవి చెప్పింది.

"ఎవలకన్న చెప్పినవా?"

"ఎవలన్న అడిగితె గద అత్తమ్మా."

బాలవ్వ గొంతు తగ్గించింది. "మీ మామకు బీపీ అచ్చినప్పటిసంది ఒకటే కూర రెండు గిన్నెలల్ల వండుతున్న. ఆయన గిన్నెల ఉప్పు సగమే. పదేండ్లాయె, ఇప్పటికి తెల్వది ముసలాయనకు. 'నీ చేతి కూర మారలే' అంటడు." అని, కొత్తిమీర కట్ట తనంతట తానే తీసుకుని వంటింట్లోకి పోయింది. ఆ ఇంట్లో అది మొదటిసారి.

ఆదివారం ప్రశాంతంగా గడిచింది. సోమవారం పొద్దున ఏడింటికి జలపతి గుమ్మంలో ఉన్నాడు. ఒంటి మీద నీలం కోటు.

"నడువుండ్రి జగిత్యాలకు. మేడం వెబ్‌సైట్ తెరిచే టయానికి మనం ఎదురుంగ ఉండాలె. ఫ్లెక్సీల మనిషి, ముంగట మనిషి, రెండు ఒక్కసారే కనపడితె గా ఇజ్జతే వేరు."

"గా కోటేంది మామా, గీ ఎండల?" అంది మాధవి.

"మేడం నన్ను గుర్తువట్టాలె గద! స్టూడియోల కిరాయికి తెచ్చిన."

జైపాల్ కారు వెనక సీట్లో మాధవి, వేణు. ముందు కోటు. ఏసీ పని చేయదు. వేములవాడ దాటేసరికి కోటు వెనక భాగం ముదురు నీలమైంది. కొడిమ్యాల దగ్గర జలపతి కోటు లోపలికి చేయి పెట్టి, ఏదో లాగి, మెడ తుడుచుకుని, మళ్ళీ లోపల దోపుకున్నాడు. దారి పొడుగునా మాధవి ఒకటే ప్రార్థించింది: జగిత్యాలలో కరెంటు పోవాలి. మళ్ళీ, వద్దు, కరెంటు పోతే మేడం ఫోన్ తీస్తుంది. కరెంటు ఉండాలి, జలపతి చూపు పోవాలి. మళ్ళీ, ఛ, పెద్దమనిషి.

కరెంటు ఉంది. జలపతి చూపు కూడా భేషుగ్గా ఉంది.

ప్రేమలత మేడానికి యాభై దాటి ఉంటాయి. మెడలో దారానికి వేలాడే కళ్ళద్దాలు, కౌంటర్ వెనక మెత్త వేసిన ఎత్తు కుర్చీ. జలపతి నమస్కారం పెట్టి, అచ్చం ఫోటోలో ఉన్నట్టు, కదలకుండా నిలబడ్డాడు. మేడం అతన్ని ఎవరిదో పెళ్ళికి బ్యాండు వాయించడానికి వచ్చి దారి తప్పినవాడిలా చూసి, కంప్యూటర్ అందరికీ కనపడేలా తిప్పింది.

పేజీ తెరుచుకుంది. ఎర్ర అంచు. ఎండ. సగం నేసిన తువ్వాల.

"మస్తున్నది గద ఫోటో," అంది మేడం, కళ్ళద్దాలు పెట్టుకుని ముందుకు వంగి. "ఎవలు నేసింది?"

"శంకరవ్వని, మా సంఘంలనే మేడం," అంది మాధవి.

మేడం కిందికి జరిపింది. తువ్వాలలు, తువ్వాలలు, తువ్వాలలు. జలపతి నమస్కారం మెల్లగా విడిపోయింది. అతను కంప్యూటర్ పక్కకు పోయి చూశాడు. వెనక్కి పోయి చూశాడు.

"కోడలా, మా తలకాయలేవి?"

దుకాణంలో చీరలు మడతపెడుతున్న వాళ్ళు ఆగిపోయారు.

"ఏంటియి?" అంది మేడం.

"తలకాయలు మేడం! పొద్దున గూడ ఉండె. ఎవడో తీసిండు." జలపతి కోటు జేబులోంచి ఫోన్ తీసి, వెబ్‌సైట్ తెరిచాడు. గుమ్మడికాయ వికసించింది. "అగో! ఈడున్నయ్! ఫోన్ల ఉండి కంప్యూటర్ల లేకపోవుడేంది?"

మేడం ఫోన్ చేతిలోకి తీసుకుని, దూరంగా పట్టుకుని చూసింది. కంప్యూటర్ చూసింది. మళ్ళీ ఫోన్. పైన పేరు చదివింది, రెండింటిలోనూ ఒకటే. అప్పుడు కళ్ళద్దాల మీదుగా మాధవిని చూసింది. ఆ చూపుకు మాధవి బల్ల, కుర్చీ, ఫ్యాను వరసగా మాయమయ్యాయి. ఫ్యాను ఒక్కటి కాసేపు తిరిగి ఆగింది.

వేణు గొంతు సవరించుకున్నాడు. సవరించుకుని, పక్కనున్న చీర మీది ధర చీటీ చదవసాగాడు.

ఇక చెప్పక తప్పలేదు. "కంప్యూటర్ పెద్దగుంటది గద మామా," అంది మాధవి, ఆ క్షణాన నోటికి వచ్చింది వచ్చినట్టు. "మన తలకాయలు దాంట్ల పెడితె మస్తు పెద్దగైతున్నయి. నీ మీసం కింది తెల్ల వెంట్రుకలు గూడ లెక్క పెట్టొచ్చు. రంగు ఏడిదాక పడ్డదో, ఏడ పడలేదో గూడ కనపడ్తుండె. అందుకే ఫోన్ల మాత్రమే ఉంచిన."

జలపతి చేయి దానంతట అదే మీసం మీదికి పోయింది. జైపాల్ నల్ల కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"గట్లనా," అన్నాడు జలపతి. "ముందే చెప్పద్దా మరి."

"ఇంగో మాట," అంది మేడం, ఫోన్ ఇంకా చేతిలోనే ఉంచుకుని. "తువ్వాలల సంఘమంటున్నరు. ఇరవై రెండు మందిల ఒక్కని భుజం మీదన్న తువ్వాల లేదేంది? మీరు నేసింది మీరే ఏసుకోరా?"

ఈ ప్రశ్న మాధవికి కూడా తోచలేదు. జలపతి నుదుటి మీది చెమట ముక్కు దాకా దిగింది. అతను అలవాటుగా కోటు లోపలికి చేయి పెట్టి లాగాడు. లాగుతుంటే వస్తూనే ఉంది. గారడివాడి సంచిలోంచి వచ్చినట్టు, తెల్లటి తువ్వాల, ఎర్ర అంచు. మొహం తుడుచుకుని భుజం మీద వేసుకోబోయాడు.

"ఆగుండ్రి," అంది మేడం. "అది ఇటియ్యుండ్రి."

"అయ్యో, చెమటది మేడం."

"అందుకే ఇయ్యుమంటున్న."

మేడం తువ్వాల అంచు పట్టుకుని వేళ్ళ మధ్య నలిపింది. కంప్యూటర్లో బొమ్మ చూసింది, చేతిలోది చూసింది. సిరిసిల్ల నుంచి జగిత్యాల దాకా ఏసీ లేని కారులో, కోటులో కూర్చున్న మనిషి చెమటంతా తాగి కూడా ఆ తువ్వాల నీళ్ళు కారడం లేదు, రంగు వదలలేదు. ఇంతకన్నా గట్టి పరీక్ష ఏ మిల్లులోనూ పెట్టరు.

"నీళ్ళు మంచిగ గుంజుతది," అంది మేడం తనలో తాను అనుకున్నట్టు. "ఎర్రంచుయి, పచ్చంచుయి. మాఘమాసం పెండ్లిళ్ళకు నాకు గివ్వే కావాలె. నెలకో మూట మొదలువెట్టుండ్రి."

"బిల్టీ వెబ్‌సైటుదే మేడం!" అన్నాడు జలపతి ఆనందం పట్టలేక. మాధవి కళ్ళు మూసుకుంది.

"వెబ్‌సైటు బిల్టీ ఏంది? లారీ మాదే వారం వారం సిరిసిల్లకు వస్తది, అండ్లనే తెచ్చుకుంటం," అంది మేడం.

జలపతి వేణు వైపు తిరిగి, అందరికీ వినపడేటంత గుసగుసగా అన్నాడు. "చూసినవా? ఫ్లెక్సీ ఆళ్ళది. బిల్టీ గూడ ఆళ్ళదే. నేను హోటల్ కాడ చెప్పిన్నా లేదా?"

ఆ మాటను సరిదిద్దే మనిషి ఆ దుకాణంలో ఒక్కరే ఉన్నారు. ఆమె ఆర్డరు రాసుకోవడంలో మునిగిపోయింది.

మగవాళ్ళు చాయ్ తాగడానికి బయటికి పోయాక, మేడం మాధవిని కౌంటర్ లోపలికి పిలిచింది.

"గా ఫోన్ల ఒకటి, కంప్యూటర్ల ఒకటి చూపే కత యాడుంటది?"

"ఏం కత మేడం?"

"నాతోని ఆడకు బిడ్డా. నాకు గూడ గసొంటి వెబ్‌సైట్ ఉన్నది." మేడం దాన్ని తెరిచింది. పైన దుకాణం పేరు. దాని కింద అయిదుగురు మగవాళ్ళు, చేతులు జోడించి. "మా ఆయన, ఆయన తమ్ములు నలుగురు. దుకాణం నడిపేది నేను. వాళ్ళు ఫోటోలల్ల నడుపుతరు. చీరలు యాడున్నయో నాకే దొరుకుతలేవు. వాళ్ళందరు చూసేది ఫోన్లనే."

మాధవి ఎత్తు కుర్చీ దగ్గరకు జరిగి, ఫోటో ముక్క పక్కన పట్టీ తెరిచి, కింద ఉన్న రెండు బుల్లి బొమ్మలను చూపించింది. మేడం కళ్ళద్దాలు సర్దుకుని, ఎంతో కాలంగా ఎదురుచూసిన పని చేస్తున్నట్టు, ఒక్క వేలితో, ఒక కన్ను మూసింది.

పదిహేను రోజుల్లో సంఘం గదిలో ఫ్యాను కింద బల్ల పడింది. కుర్చీకి ఒక కాలు పొట్టి, దాని కింద తువ్వాల ముక్క మడిచి పెట్టారు. మేడం అడిగిన ప్రశ్న సిరిసిల్ల దాకా వచ్చింది కాబట్టి, సభ్యులందరూ మళ్ళీ స్టూడియోకు పోయి, ఈసారి కోటు లేకుండా, భుజం మీద తువ్వాలతో ఫోటోలు దిగారు. వెబ్‌సైట్లో కొత్త తలకాయలు పెట్టడం పూర్తయ్యాక, జలపతికి ఇంకా తనివి తీరక, కోరుట్లలో సౌమ్యతో నిజం ఫ్లెక్సీ కూడా వేయించి గదిలో బల్ల వెనక గోడకు కట్టించాడు. 'మా వెబ్ ఇంచార్జి గారికి హార్దిక శుభాకాంక్షలు' అని పైన అక్షరాలు. కింద గుమ్మడికాయ. దాని కింద నిమ్మకాయలు. అన్నిటికన్నా కింద, కుడి మూలన, శంకరవ్వ సాంచా పక్కన, మాధవి.

మొదటి రోజు మాధవి బల్ల మీద లాప్‌టాప్ పెట్టింది. చుట్టూ చూసింది. కొత్తిమీర లేదు. కుర్చీలో వెనక్కి వాలి ఫ్లెక్సీ వైపు తిరిగింది. చాలాసేపు చూసింది. తరువాత తలుపు వైపు ఒకసారి చూసి, చెల్లెలికి ఫోన్ చేసింది.

"సౌమ్యా, మరేం లేదుగని... నా తలకాయ జెర పెద్దగ చెయ్యరాదే?"

అవతల సౌమ్య కాసేపు నవ్వింది. షాపు వెనకాల మిషను చప్పుడు.

"అచ్చయిపోయిందక్కా."

మాధవి ఫోన్ పెట్టేసింది. కుర్చీ కాలి కింది తువ్వాల ముక్క జాగ్రత్తగా తీసి, కుర్చీని గోడ వైపు రెండడుగులు జరిపి, ముక్క మళ్ళీ పెట్టి కూర్చుంది. ఇక్కడినుంచి చూస్తే కొంచెం నయం.